జీన్ ఉంటే జబ్బు వచ్చేసినట్టేనా?

1952లో బొంబాయిలో వై.ఎం. భెండే అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక వింత బ్లడ్ గ్రూప్ గురించి రాశారు. మామూలుగా టెస్ట్ చేస్తే ‘ఓ’ గ్రూప్ అని వస్తుంది, కానీ వాళ్ళకి ‘ఓ’ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది. తర్వాత దానికి బాంబే బ్లడ్ గ్రూప్ అనే పేరే స్థిరపడిపోయింది. ఇప్పటికీ రక్తం కావాలని అర్ధరాత్రి వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి కదా, వాటిలో అప్పుడప్పుడు ఈ పేరు కనిపిస్తుంది, ఎందుకంటే ఈ గ్రూప్ వాళ్ళకి ఇదే గ్రూప్ వాళ్ళు ఇవ్వాలి, ఇంకెవరిదీ పనికిరాదు.

సంగతేంటంటే, ‘ఏ’ గ్రూప్ ‘బీ’ గ్రూప్ అనేవి ఎర్ర రక్తకణాల మీద అతుక్కుని ఉండే చక్కెర అణువుల్లో చిన్న తేడాలు. ఆ చక్కెర నేరుగా కణానికి అతుక్కోదు, కింద ‘హెచ్’ అనే పదార్థం ముందే ఉండాలి. ఆ హెచ్‌ని తయారుచేసే జీన్ పేరు ఎఫ్‌యూటీ1, అది 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఏ బీ ఓ లని నిర్ణయించే జీన్ ఎక్కడో 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇప్పుడు ఒక మనిషికి అమ్మ నుంచి నాన్న నుంచి వచ్చిన రెండు ఎఫ్‌యూటీ1 కాపీలూ పాడైపోయాయనుకోండి, ‘బీ’ జీన్ నిక్షేపంగా ఉన్నా, దాని ఎంజైమ్ రోజూ తయారవుతున్నా, రక్తకణం మీద ‘బీ’ కనపడదు. గోడకి మేకే లేనప్పుడు ఫోటో ఎంత బాగుంటే ఏం లాభం.

అసలు తిరకాసు తర్వాతి తరంలో బయటపడుతుంది. అమ్మ రిపోర్ట్‌లో ‘ఓ’, నాన్న ‘ఏ’, పుట్టిన బిడ్డ ‘ఏబీ’. స్కూల్లో చదువుకున్న లెక్క ప్రకారం ఇది కుదరదు, కాబట్టి ఎవరో ఒకరు తప్పుడు అనుమానాలు మొదలుపెడతారు. కానీ అమ్మలో ‘బీ’ జీన్ ఎప్పుడూ ఉంది, బయటపడే దారి లేక దాక్కుంది అంతే, బిడ్డకి నాన్న వైపు నుంచి పనిచేసే ఎఫ్‌యూటీ1 ఒకటి రాగానే అది మళ్ళీ కనిపించింది.

ఒక జీన్ చేసే పనిని ఇంకో జీన్ మార్చెయ్యడాన్ని ఎపిస్టాసిస్ అంటారు. ఈ ఒక్క ఉదాహరణ బుర్రలో ఉంటే చాలు, ‘ఫలానా జబ్బుకి జీన్ దొరికింది’, ‘కోపానికి జీన్ కనుక్కున్నారు’ లాంటి హెడ్‌లైన్లు చదివినప్పుడు సగం వాక్యమే చెప్తున్నారని అర్థమవుతుంది. ఆ జీన్ ఎలాంటి జీన్ల మధ్య ఉంది, ఎలాంటి బతుకు బతికే శరీరంలో ఉంది అన్నది మిగతా సగం. ఈ వ్యాసమంతా ఆ మిగతా సగం గురించే.

ముందు లెక్కలు కొంచెం చూసేద్దాం. మన డీఎన్ఏ ఒక సెట్‌లో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి (ఏ, టీ, జీ, సీ అని నాలుగు రకాల రసాయనాలు, వాటినే అక్షరాలంటున్నాం), ప్రోటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20 వేలు. ఏ మనిషి డీఎన్ఏని తీసుకుని శాస్త్రవేత్తలు వాడే రిఫరెన్స్ జీనోమ్ పక్కన పెట్టి చూసినా 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. వినడానికి భయంగా ఉన్నా అందులో అత్యధిక భాగం ఏ హానీ చెయ్యవు. వీటికి తోడు ప్రతి బిడ్డలోనూ అమ్మానాన్నలిద్దరిలోనూ లేని కొత్త మార్పులు ఒక 60, 70 దాకా పుడతాయి, నాన్న వయసు పెరిగే కొద్దీ ఇవి కొంచెం ఎక్కువవుతాయి. అంటే ‘మ్యుటేషన్’ అన్న మాట వినగానే కంగారు పడక్కర్లేదు, మనందరం మ్యుటెంట్లమే.

ఇక ఒకే ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో చూడాలంటే సికిల్ సెల్ ఎనీమియా. హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు తయారుచేసే జీన్‌లో ఒక్క చోట ‘ఏ’ అనే అక్షరం ‘టీ’గా మారుతుంది, దాంతో ప్రోటీన్‌లో గ్లుటామిక్ యాసిడ్ ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది, అలాంటి రెండు కాపీలు వచ్చిన వాళ్ళలో ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి తీగల్లా పేరుకుపోయి కణాన్ని కొడవలి ఆకారంలోకి వంచేస్తాయి. అలా వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే వచ్చే నొప్పి అంతా ఇంతా కాదు. 1949లో లైనస్ పాలింగ్ బృందం దీన్ని ‘అణువు స్థాయి జబ్బు’ అని చూపించింది, పుస్తకాలన్నిటిలోనూ ‘ఒక్క జీన్ జబ్బు’కి మొదటి ఉదాహరణ ఇదే.

కానీ ఈ ‘ఒక్క జీన్ జబ్బు’ దగ్గరకే వెళ్ళి చూడండి, ఒకే మ్యుటేషన్ ఉన్న ఇద్దరిలో ఒకరు చిన్నప్పటి నుంచీ ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటారు, ఇంకొకరు పెద్దగా ఇబ్బంది లేకుండా నడివయసుకి వచ్చేస్తారు. ఎందుకలా? 1948లోనే జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు ఒక సంగతి గమనించింది, ఈ జబ్బుతో పుట్టిన పసిపిల్లల్లో మొదటి కొన్ని నెలలు కొడవలి కణాలు చాలా తక్కువగా కనిపిస్తున్నాయి. కారణం, కడుపులో ఉన్నప్పుడు పిల్లలకి వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది, దాన్ని ఫీటల్ హీమోగ్లోబిన్ అంటారు, అది ఈ అతుక్కునే పనిని అడ్డుకుంటుంది. పుట్టాక కొన్ని నెలలకి శరీరం దాన్ని దాదాపు ఆపేసి పెద్దవాళ్ళ రకానికి మారిపోతుంది. కొంతమందిలో మాత్రం పూర్తిగా ఆగదు, పెద్దయ్యాక కూడా ఎంతో కొంత తయారవుతూనే ఉంటుంది. వాళ్ళకి జబ్బు తేలిగ్గా ఉంటుంది.

ఆ ఆపే స్విచ్ ఏదన్నది 2007, 2008 ప్రాంతంలో తేలింది, అది బీసీఎల్11ఏ అనే జీన్. హీమోగ్లోబిన్ జీన్ ఉండేది 11వ క్రోమోజోమ్ మీద, ఇది ఉండేది 2వ క్రోమోజోమ్ మీద. దీంట్లో తేడాలున్న వాళ్ళలో ఫీటల్ హీమోగ్లోబిన్ ఎక్కువ. 2023 చివర్లో బ్రిటన్, తర్వాత అమెరికా అనుమతిచ్చిన క్రిస్పర్ చికిత్స (డీఎన్ఏని కావాల్సిన చోట కత్తిరించే పద్ధతి, మందు పేరు క్యాస్‌జెవీ) చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది, అది సికిల్ మ్యుటేషన్ జోలికే వెళ్ళదు, తప్పు అక్షరాన్ని సరిచెయ్యదు, రక్తకణాల్లో బీసీఎల్11ఏని ఆన్ చేసే చిన్న డీఎన్ఏ ముక్కని కత్తిరించేస్తుంది, దాంతో ఫీటల్ హీమోగ్లోబిన్ మళ్ళీ మొదలవుతుంది. జబ్బు కలిగించిన జీన్‌ని అలాగే వదిలేసి, దాన్ని తేలిక చేసే జీన్‌ని పట్టుకున్నారు.

సికిల్ దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది, నాకైతే ఇదే అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. ఒక్క సికిల్ కాపీ ఉన్నవాళ్ళకి మలేరియా తీవ్రంగా రాదు, ఆంథొనీ ఆలిసన్ 1954లో ఇది చూపించాడు. ఆల్ఫా థలసీమియా అని వేరే హీమోగ్లోబిన్ తేడా ఉంది, అది కూడా తీవ్రమైన మలేరియా నుంచి కాపాడుతుంది. మరి రెండూ ఉంటే డబుల్ రక్షణ రావాలి కదా? కెన్యా తీరంలో పిల్లల మీద చేసిన పరిశోధనలో (2005లో వచ్చింది) సరిగ్గా దానికి రివర్స్ కనిపించింది, రెండూ కలిసి ఉన్న పిల్లల్లో రక్షణ దాదాపు మాయమైపోయింది. విడివిడిగా మంచి చేసే రెండు జీన్లు, కలిస్తే సున్నా. పోనీ అది చెడ్డ జోడీ అందామా అంటే, పూర్తి సికిల్ జబ్బు ఉన్నవాళ్ళకి అదే ఆల్ఫా థలసీమియా తోడైతే రక్తహీనత కొంత తగ్గుతుంది. ఒకే జోడీ, ఒకచోట నష్టం, ఇంకోచోట లాభం.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి, ఒకటి గబగబా చెప్పేస్తాను. వెన్నెముక బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఉంది, యూరప్ రోగుల్లో దాదాపు 90 శాతం మందికి హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే వేరియంట్ (అంటే ఒక జీన్‌లో కనిపించే రకాల్లో ఒకటి) ఉంటుంది. ఇది చదివి బీ27 పాజిటివ్ అని రిపోర్ట్ వచ్చిన ప్రతివాళ్ళూ నడుం పట్టుకుని కూర్చుంటారు, నిజానికి బీ27 ఉన్నవాళ్ళలో ఆ జబ్బు వచ్చేది వందకి ఏ కొద్దిమందికో. 2011లో తేలిందేంటంటే ఈఆర్‌ఏపీ1 అనే ఇంకో జీన్‌లో తేడాలు కూడా ఈ జబ్బు రిస్క్‌ని మారుస్తాయి, కానీ బీ27 ఉన్నవాళ్ళలోనే. కారణం కూడా తెలుసు, ఈఆర్‌ఏపీ1 ప్రోటీన్ ముక్కల్ని కత్తిరించి సైజు చేస్తుంది, బీ27 లాంటి హెచ్‌ఎల్‌ఏలు ఆ ముక్కల్ని తీసుకెళ్ళి ఇమ్యూన్ కణాలకి చూపిస్తాయి. ఒకే పనిలో ముందు మెట్టు ఒకరిది, తర్వాత మెట్టు ఇంకొకరిది.

ఇప్పుడు కొలంబియాకి వెళ్దాం. అక్కడ ఆంటియోకియా ప్రాంతంలో ఒక పెద్ద వంశవృక్షం ఉంది, అందులో చాలామందికి పీఎస్‌ఈఎన్1 అనే జీన్‌లో ఒక మ్యుటేషన్ ఉంది. అది ఉంటే అల్జీమర్స్ వచ్చే తీరుతుంది, అదీ ముసలితనంలో కాదు, 44 ఏళ్ళకే మతిమరుపు మొదలై 49, 50 నాటికి పూర్తి డిమెన్షియా. ఫ్రాన్సిస్కో లోపెరా అనే న్యూరాలజిస్ట్ 1980ల నుంచి ఆ కుటుంబాల్ని చూస్తూ వచ్చాడు. జెనెటిక్స్‌లో ‘తలరాత’ అనదగ్గది ఏదైనా ఉంటే ఇదే అనిపిస్తుంది. కానీ 2019లో ఒక రిపోర్ట్ వచ్చింది, అదే మ్యుటేషన్ ఉన్న ఒకావిడకి డెబ్భైల వయసు వచ్చేదాకా మతిమరుపు లక్షణాలు రాలేదు, అంటే రావాల్సిన టైం కంటే సుమారు మూడు దశాబ్దాలు లేటు.

ఆవిడ మెదడు స్కాన్ చేస్తే అమిలాయిడ్ అనే చెత్త బోలెడంత పేరుకుని ఉంది, మ్యుటేషన్ తన పని తాను చేసుకుంటూ పోయిందన్నమాట. కానీ మామూలుగా దాని వెంట వచ్చే టావ్ అనే ప్రోటీన్ ముడులు చాలా తక్కువ. వెతికితే ఆవిడ ఏపీఓఈ జీన్ రెండు కాపీల్లోనూ క్రైస్ట్‌చర్చ్ అనే చాలా అరుదైన మార్పు ఉంది. ఒక్కావిడని చూసి నమ్మడమెలా అని అప్పుడు చాలామంది అన్నారు, న్యాయమైన ప్రశ్నే. 2024లో అదే వంశంలో ఆ మార్పు ఒక్క కాపీ మాత్రమే ఉన్న 27 మందిని మిగతావాళ్ళతో పోల్చి చూశారు, ఆ పోల్చినవాళ్ళలో లక్షణాలు 47 దగ్గర మొదలైతే వీళ్ళలో 52 దగ్గర మొదలయ్యాయి. రెండు కాపీలకి వచ్చినంత కాకపోయినా ఐదేళ్ళు. అల్జీమర్స్‌లో ఐదేళ్ళంటే ఆ కుటుంబాలని అడగండి ఎంతో చెప్తారు.

ఇవన్నీ పెద్ద దెబ్బ కొట్టే అరుదైన మ్యుటేషన్ల కథలు. మరి మనలో ఎక్కువమందికి వచ్చే షుగరు, బీపీ, గుండెజబ్బు, ఊబకాయం, డిప్రెషన్ సంగతేంటి? వీటిలో ఒక్క విలన్ ఉండడు. లక్షల మంది డీఎన్ఏ తీసుకుని, లక్షల చోట్ల తేడాలు చూసి, జబ్బు ఉన్నవాళ్ళలో ఏ అక్షరం కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది అని లెక్కపెట్టే పద్ధతి ఉంది, దాన్ని జీవాస్ అంటారు, 2005 నుంచి ఊపందుకుంది. ఎత్తు విషయంలో 2022లో 54 లక్షల మంది డేటాతో చేస్తే 12,111 వేరియంట్లు తేలాయి. స్కిజోఫ్రీనియాలో అదే ఏడాది 287 చోట్లు. ఒక్కోదాని ప్రభావం చూస్తే నవ్వొస్తుంది, ఎత్తులో అయితే చాలావాటిది మిల్లీమీటర్ కూడా దాటదు. అన్నీ కలిస్తేనే ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఇలా దొరికే చోట్లలో సుమారు 90 శాతం అసలు జీన్ల లోపల ప్రోటీన్ రాసే భాగంలో ఉండవు, ఏ జీన్ ఎప్పుడు ఎంత పనిచెయ్యాలో చెప్పే భాగాల్లో ఉంటాయి. ఊబకాయం జీన్ అని పేరుపడ్డ ఎఫ్‌టీఓనే తీసుకోండి. 2007లో దొరికింది, రిస్క్ రకం రెండు కాపీలు ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కంటే సగటున 3 కేజీలు ఎక్కువ బరువుంటారు. ఏళ్ళ తరబడి అందరూ ఎఫ్‌టీఓ ప్రోటీన్ ఏం చేస్తుందా అని తవ్వారు, తీరా 2014, 2015లో చూస్తే ఆ తేడా ఉన్నది ఎఫ్‌టీఓ లోపలే అయినా అది ఆడించేది లక్షల అక్షరాల దూరంలో ఉన్న ఐఆర్ఎక్స్3, ఐఆర్ఎక్స్5 అనే వేరే జీన్లని. ఇంటి నంబర్ ఒకరిది, కరెంట్ బిల్లు ఇంకొకరిది.

ఎఫ్‌టీఓ పరిసరాల్ని బట్టి కూడా మారుతుంది. వ్యాయామం చేసేవాళ్ళలో దాని ప్రభావం సుమారు 27 శాతం తక్కువగా కనిపించింది, రెండు లక్షల మందికి పైగా డేటాతో. ఇంకా విడ్డూరం, అమెరికాలో ఒక ఊరి జనాన్ని తరాల తరబడి గమనిస్తూ వచ్చిన ఫ్రేమింగ్‌హామ్ స్టడీలో 1942కి ముందు పుట్టినవాళ్ళలో ఈ వేరియంట్‌కీ బరువుకీ సంబంధమే కనపడలేదు, తర్వాత పుట్టినవాళ్ళలో స్పష్టంగా కనపడింది. జీన్ అదే, కాలం మారింది. తిండి మారింది, ఒంటికి పని తగ్గింది, అప్పటిదాకా ఊరుకున్న వేరియంట్ పని మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, లేకపోతే ‘జీన్లన్నీ ఒకదాంతో ఒకటి కలిసి ఏదో మాయ చేస్తాయి, ఎవరికీ ఏమీ తెలీదు’ అనే ఇంకో తప్పు వైపు జారిపోతాం. కణం లోపల చూస్తే ఇంటరాక్షన్ లేని జీనే లేదు, ప్రతి ప్రోటీనూ ఇంకేదో ప్రోటీన్‌తో కలిసే పనిచేస్తుంది. కానీ లక్షల మంది జనాభాలో మనుషుల మధ్య తేడాలని లెక్కగడితే, ఆ తేడాల్లో చాలాభాగాన్ని వేరియంట్ల ప్రభావాల్ని ఊరికే ఒకదానికొకటి కూడితేనే వివరించొచ్చు. 1918లో రోనాల్డ్ ఫిషర్ వేసిన లెక్క ఇదే, చిన్న చిన్న ప్రభావాలు బోలెడు కూడితే ఎత్తు లాంటి లక్షణం నునుపైన గంట ఆకారంలో వస్తుందని. ఈ రెండూ వైరుధ్యం కావు. ఒక వేరియంట్ ‘సగటు’ ప్రభావం అంటేనే రకరకాల జీన్ల మధ్య, రకరకాల బతుకుల మధ్య దాని ప్రభావాలన్నిటినీ కలిపి తీసిన సగటు, ఇంటరాక్షన్లు అందులో కలిసిపోయి కనపడకుండా పోతాయి. వాటిని విడదీసి పట్టుకోవాలంటే మామూలు కంటే చాలా ఎక్కువమంది కావాలి, 20 వేల జీన్లలో జతలే దాదాపు 20 కోట్లు, అన్నీ టెస్ట్ చేస్తుంటే కాకతాళీయంగా కూడా వేలకొద్దీ ‘దొరికినట్టు’ కనిపిస్తాయి. అందుకే బీ27, ఈఆర్‌ఏపీ1 లాంటి గట్టి జోడీలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

ఈ గొడవలో బాగా నలిగిపోయిన మాట హెరిటబిలిటీ. ఎత్తు 80 శాతం హెరిటబుల్ అంటే నా ఎత్తులో 80 శాతం జీన్ల వల్ల, 20 శాతం తిండి వల్ల అని కాదు. ఒక జనాభాలో, ఒక కాలంలో, మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జీన్ల తేడాలతో సరిపోలుతోంది అన్నది మాత్రమే అది చెప్తుంది. చేతికి ఐదు వేళ్ళుండటం పూర్తిగా జీన్ల పనే, కానీ వేళ్ళ సంఖ్యలో మనుషుల మధ్య తేడా ఎక్కువగా ప్రమాదాల వల్ల వస్తుంది కాబట్టి దాని హెరిటబిలిటీ తక్కువే వస్తుంది. అలాగే హెరిటబిలిటీ ఎక్కువుంటే మార్చలేం అని కూడా కాదు, ఎత్తు అంత హెరిటబుల్ కదా, అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ళ సగటు ఎత్తు ఒక శతాబ్దంలో 20 సెంటీమీటర్లు పెరిగింది, జీన్లు అంత తొందరగా మారవు. స్కిజోఫ్రీనియా హెరిటబిలిటీ కూడా 80 దరిదాపుల్లోనే చెప్తారు, అయినా డీఎన్ఏ ఒకటే అయిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్ళకి వచ్చేది సగం కంటే తక్కువ సార్లే.

ఇక ప్రవర్తన. ఇక్కడే పప్పులో కాలేసినవాళ్ళు ఎక్కువ. 1993లో హాన్ బ్రున్నర్ అనే డచ్ శాస్త్రవేత్త ఒక కుటుంబం గురించి రాశాడు, అందులో కొందరు మగవాళ్ళకి ఎంఏఓఏ అనే జీన్ అస్సలు పనిచెయ్యదు, తక్కువ తెలివితేటలతో పాటు హఠాత్తుగా దూకుడు కూడా ఉండేది. అది చాలా అరుదైన పరిస్థితి. కానీ జనాల్లో మామూలుగా ఉండే, ఆ జీన్ కాస్త తక్కువ పనిచేసే రకాన్ని కూడా పట్టుకుని ‘వారియర్ జీన్’ అని పేరు పెట్టి వాయించేశారు. 2002లో న్యూజిలాండ్‌లోని డునెడిన్ స్టడీ (ఒక ఊళ్ళో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చిన పరిశోధన) ఆ తక్కువ రకం ఉండి చిన్నప్పుడు హింసకి గురైన మగపిల్లల్లోనే ఎక్కువ సమస్య అని చెప్పింది, అదైనా కాస్త జాగ్రత్తగా చెప్పిన మాట. 2009లో ఇటలీలో ఒక అప్పీల్ కోర్టు హత్య కేసులో ఇలాంటి జీన్ రిపోర్టుని కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష ఏడాది తగ్గించేసింది. నా ఉద్దేశంలో అది తొందరపాటు, జనాభా సగటు నుంచి ఒక మనిషి చేసిన ఒక పనికి దారి వెయ్యడం ఆ సైన్స్‌కి అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు.

డిప్రెషన్ కథ ఇంకా పెద్దది. సెరటోనిన్‌ని వెనక్కి లాక్కునే ప్రోటీన్ జీన్ దగ్గర పొట్టి రకం, పొడుగు రకం అని ఒక తేడా ఉంటుంది. 2003లో అదే డునెడిన్‌లో 847 మందిని చూసి, పొట్టి రకం ఉన్నవాళ్ళు కష్టాలొస్తే డిప్రెషన్‌లోకి ఎక్కువ జారతారు అని ఒక పేపర్ వచ్చింది. వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి, జీనూ ఉంది, జీవితమూ ఉంది, రెండూ కలిస్తేనే జబ్బు. తర్వాత పదిహేనేళ్ళు దాని మీద వందల పేపర్లు వచ్చాయి. 2019లో లక్షల మంది డేటాతో ఇలా పేరున్న 18 డిప్రెషన్ జీన్లని ఒక్కసారిగా టెస్ట్ చేస్తే, ఊరికే లాటరీ తీసి ఎంచుకున్న జీన్ల కంటే అవేమీ ఎక్కువ చెప్పలేదు, ఆ కష్టాలతో కలిసే ఇంటరాక్షన్ కూడా నిలబడలేదు. జీన్లకీ డిప్రెషన్‌కీ సంబంధం లేదని కాదు దీనర్థం, జీవాస్‌లో వందల చోట్లు నిజంగానే దొరికాయి, కాకపోతే అవి మనం ముందే ఊహించి పేరుపెట్టుకున్న చోట్లు కావు. ఇంటరాక్షన్ అనేది అందమైన ఆలోచన కాబట్టి నిజం అయిపోదు, దానికి కూడా సరిపడా మంది, మళ్ళీ మళ్ళీ వచ్చే ఫలితం కావాలి.

మరి ప్రవర్తనలో నిలబడ్డ ఉదాహరణే లేదా అంటే ఉంది, మద్యం. మందు లోపలికి వెళ్ళాక ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, దాన్ని శుభ్రం చేసేది ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్. తూర్పు ఆసియాలో చాలామందికి ఈ జీన్‌లో ఒక అక్షరం తేడా ఉంటుంది. ఈ ఎంజైమ్ నాలుగు ముక్కలు కలిస్తేనే తయారవుతుంది, అందుకే ఒక్క కాపీ పాడైనా నాలుగు ముక్కల్లో ఎక్కడో ఒక పాడు ముక్క చేరిపోయి మొత్తం పని సగం కంటే బాగా కిందికి పడిపోతుంది. ఇలాంటివాళ్ళు కొంచెం తాగగానే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్టవుతుంది. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసేది కూడా ఇదే, ఆ ఎంజైమ్‌ని ఆపేస్తుంది. సహజంగానే ఈ వేరియంట్ ఉన్నవాళ్ళు మద్యానికి బానిసలవడం చాలా తక్కువ, రెండు కాపీలూ ఉంటే దాదాపు అసాధ్యం.

కానీ జపాన్‌లో తాగుడు సమస్యతో చికిత్సకొచ్చినవాళ్ళని చూస్తే ఒక్క కాపీ ఉన్నవాళ్ళు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం. పదమూడేళ్ళలో జీన్ మారదు. ఆఫీసు అయ్యాక అందరితో కలిసి తాగాల్సిందే అనే వాతావరణం ముదిరేకొద్దీ శరీరం వద్దంటున్నా జనం ఓర్చుకుని తాగారు, జీన్ ఇచ్చిన రక్షణ పలచబడింది. అంతటితో అయిపోలేదు, అలా ఓర్చుకుని తాగేవాళ్ళలో ఎసిటాల్డిహైడ్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అన్నవాహిక క్యాన్సర్ రిస్క్ బాగా పెరుగుతుంది. ఒకే వేరియంట్, తాగనివాడికి కాపలా, తాగేవాడికి గండం. దీన్ని ‘మంచి జీన్’ అనాలా ‘చెడ్డ జీన్’ అనాలా మీరే చెప్పండి.

ప్రవర్తన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, మనకి రాని జీన్లు కూడా మన మీద పనిచేస్తాయి. అమ్మానాన్నల డీఎన్ఏలో సగమే పిల్లలకి వస్తుంది, మిగతా సగం వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. 2018లో ఐస్‌లాండ్‌లో ఆ ఉండిపోయిన సగాన్ని లెక్కగట్టి చూస్తే, చదువు విషయంలో అది కూడా పిల్లల మీద ప్రభావం చూపిస్తోంది, పిల్లలకి వచ్చిన సగం ప్రభావంలో సుమారు 30 శాతం. ఆ జీన్లు అమ్మానాన్నల తీరుని మారుస్తాయి, ఆ తీరు ఇంటి వాతావరణం అవుతుంది, అందులో పిల్లలు పెరుగుతారు. అంటే పిల్లల డీఎన్ఏ చూసి ‘చదువు జీన్లు’ అని లెక్కగట్టిన దాంట్లో కొంత నిజానికి పెంపకం, జీన్ల వేషంలో వచ్చింది.

ఈమధ్య ఉమ్మి పంపిస్తే రిస్క్ స్కోర్ పంపించే టెస్టులు వచ్చాయి కదా, పైన చెప్పిందంతా అక్కడ అక్కరకొస్తుంది. బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో హానికరమైన మ్యుటేషన్ ఉందంటే అది గట్టి మాట, 80 ఏళ్ళు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది, జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవాల్సిందే. వేల వేరియంట్లని కూడి ఇచ్చే పాలీజెనిక్ స్కోర్ మాత్రం వేరే సరుకు, గుండెజబ్బు లాంటి వాటిలో పై అంచున ఉన్నవాళ్ళని పట్టుకోవడానికి కొంత పనికొస్తుంది. కానీ ఆ లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలున్న జనం డేటాతో వేసినవి, మిగతా జనాల దగ్గరకి వచ్చేసరికి గురి తప్పుతుంది. తెలివితేటలకి, స్వభావానికి స్కోర్ ఇస్తాం అనేవాళ్ళకి డబ్బులిచ్చే ముందు రెండుసార్లు ఆలోచించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపిస్తే ఖర్చు లేకుండా చాలా సంగతులు తెలుస్తాయి.

అయితే ఇన్ని చిన్న చిన్న ప్రభావాలు వెతికి ఏం బావుకున్నారు అని అడిగేవాళ్ళుంటారు. దానికి జవాబు మందుల షాపులో ఉంది. పీసీఎస్‌కే9 అనే జీన్ అతిగా పనిచేస్తే కొలెస్ట్రాల్ విపరీతంగా పెరుగుతుందని 2003లో ఫ్రాన్స్‌లో తేలింది. హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని తిరగేసి చూశారు, ఈ జీన్ ఒక కాపీ పనిచెయ్యని మనుషులుంటారా అని. ఉన్నారు, అమెరికాలోని నల్లజాతివాళ్ళలో వందకి ఇద్దరు ముగ్గురు, వాళ్ళకి చెడు కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ఏకంగా 88 శాతం తక్కువ, పైగా పుట్టినప్పటి నుంచీ ఈ జీన్ సగమే పనిచేస్తున్నా వాళ్ళకి వేరే ఇబ్బందేమీ కనపడలేదు. 2015 కల్లా దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చేశాయి. ఇంకా తమాషా స్టాటిన్లనే కొలెస్ట్రాల్ మాత్రల సంగతి, అవి ఆపేది హెచ్‌ఎంజీసీఆర్ జీన్ తయారుచేసే ఎంజైమ్‌ని, జనాల్లో ఆ జీన్ దగ్గర ఉండే మామూలు వేరియంట్లు కొలెస్ట్రాల్‌ని మార్చేది ఏ రెండు మూడు పాయింట్లో, చూస్తే ఎందుకూ కొరగానిదిలా ఉంటుంది, అదే ఎంజైమ్‌ని మాత్రతో గట్టిగా అడ్డుకుంటే మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా తగ్గిపోతుంది.